తెర అవతలి చెయ్యి

ఆదివారం ఆరాధన ముగించుకొని ఇంటికొచ్చి, మంచి చీర మార్చుకొని, అబిగయీలు పెరట్లో పీట వేసుకొని నెత్తళ్ళ తలలు గిల్లుతోంది. నెత్తళ్ళు తినేవాళ్ళకు రుచే, చేసేవాళ్ళకే నడుము పడిపోతుంది. వేలెడు కూడా లేని చేప. ఒక్కోదానికి తల గిల్లాలి, పేగు లాగాలి, ఉప్పేసి మూడు నీళ్ళు కడగాలి. ఇంత చేసి పళ్ళెంలో వడ్డిస్తే చింతపండు కొంచెం తగ్గిందే అంటారు. ఆ పనిలో ఉండగా ఆమె మొగుడు బెన్హర్ పెరటి గుమ్మంలో నిలబడి, ఫోనులోంచి తల ఎత్తకుండానే, "మీ అమ్మ ఇచ్చిన ఆ పాత తెర ఉంది గదా, దాన్ని చర్చి నూరేళ్ల పండక్కి ఇస్తామని పాస్టరు గారికి మాటిచ్చేసినా. రేపు తీసి ఎండలో వెయ్యి" అన్నాడు.

చెప్పాల్సింది చెప్పి లోపలికి వెళ్ళిపోయాడు. ఇద్దామా అని అడగలేదు. ఇరవై నాలుగేళ్ల కాపురంలో ఈ ఇంటి సంగతులు ఆమెకు ఎప్పుడూ ఇలాగే తెలిశాయి. కూతురు కృపను నెల్లూరులో నర్సింగులో చేర్చడం గానీ, ఆడబిడ్డ కాన్పు ఈ ఇంట్లోనే అని తేల్చడం గానీ, అన్నీ అయిపోయాకే ఆమె చెవిన పడేవి. బెన్హర్ చెడ్డవాడని ఎవరూ అనరు. అల్లూరులో రొయ్యల మేత డిపోలో సూపర్‌వైజరు, ఊళ్ళో చర్చి సంఘానికి సెక్రటరీ. తాగడు, చెయ్యి చేసుకోడు. ఈ రెండూ లేకపోతే మొగుణ్ణి గురించి ఆడది ఇక నోరెత్తకూడదని ఊరి తీర్మానం. అబిగయీలు కూడా చాలా ఏళ్ళు అలాగే అనుకుంది, పాపం.

ఆ తెర ఆమె ముత్తవ్వది. అమ్మమ్మకు అమ్మ, పేరు సువార్తమ్మ. నూరేళ్ళకు పైమాటే, ఈడిత్ దొరసాని అని ఒకామె ఈ సముద్రపు ఒడ్డు ఊళ్ళకు వచ్చి కుట్టుపని బడి పెట్టింది. జనం ఆమెను సూది దొరసాని అనేవాళ్ళు. యంత్రాలు చేసిన వస్తువులతో ఇల్లు నింపుకోవడం ఆమెకు గిట్టదట. వాళ్ళ దేశంలో ఆ రోజుల్లో అలాంటివాళ్ళు కొంతమంది ఉండేవాళ్ళు. ఇంట్లో వాడుకునే గుడ్డైనా బల్లైనా గిన్నైనా మనిషి చేత్తోనే చెయ్యాలనీ, చేసిన చెయ్యి ఆ వస్తువులో కనబడాలనీ వాళ్ళ పట్టుదల. ఈమె వాళ్ళ దగ్గర కుట్టు నేర్చుకొని ఓడెక్కింది. ఇక్కడి సాలెవాళ్ళు నేసిన ముతక గుడ్డ తీసుకుంది. దారాలకు నీలిమందు నీలం, చిరివేరు ఎరుపు, కరక్కాయ పసుపు ఇక్కడే వేయించింది. తన ఇంటి గుమ్మానికని నిలువెత్తు తెర గీసింది. దాని నిండా ఒక తీగ, దానిమ్మకాయలు, నట్టనడుమ ఎదురెదురుగా రెండు పిట్టలు.

గీత దొరసానిది, కుట్టు మన ఆడవాళ్ళది. పిట్టల దగ్గర ఒక తమాషా జరిగింది. దొరసాని గీసింది వాళ్ళ దేశపు తోటపిట్టను, పొట్టికాళ్ళది. మనవాళ్ళకు పిట్ట అంటే ఉప్పుకాలవలో, ఏటి బురదలో నిలబడేది. ఈ కాళ్ళతో నీళ్ళలోకి దిగితే మునిగిపోదా అనుకొని, ఎవరినీ అడక్కుండా జానెడు పొడుగు కాళ్ళు కుట్టేశారు. దొరసాని చూసి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వి, విప్పొద్దు, అలాగే ఉండనీమంది. ఆ బడిలో పని చేసే పద్ధతి కూడా వేరు. గుడ్డను చట్రంలో తలుపులాగా నిలువుగా బిగించేవాళ్ళు. ముందువైపు ఒక మనిషి, వెనకవైపు ఒక మనిషి కూర్చోవాలి. ముందు మనిషి సూది గుచ్చితే వెనక మనిషి అందుకొని, దారం లాగి, తిరిగి ఇవతలికి పంపాలి. పదకొండేళ్ళ సువార్తమ్మను వెనకవైపు కూర్చోబెట్టారు. తెర దించేదాకా ముందువైపు ఎలా ఉందో ఆ పిల్ల తీరిగ్గా చూసింది లేదు. దొరసాని దేశం వెళ్ళిపోతూ ఆ తెరను ఆ పిల్లకే ఇచ్చి పోయింది. సరైన తలుపే లేని తాటాకింటికి తలుపు తెర ఏం చేసుకుంటారు? అది ఏ గుమ్మానికీ వేలాడలేదు. పెట్టెలో వేపాకు నడుమ మడతలోనే ఉండి, తల్లి నుంచి కూతురికి చేతులు మారుతూ అబిగయీలు దాకా వచ్చింది.

తెరతో పాటు ఆమె ఇంకొకటి తెచ్చుకుంది, దారాల డబ్బా. పెళ్ళికి ముందు అబిగయీలుకు కుట్టుపనంటే పిచ్చి. రేకు బిస్కెట్ల డబ్బాలో రంగు వరసన సర్దుకున్న దారపు లడీలు, వేలికి తొడుక్కునే ఇత్తడి టోపీ, గుడ్డ బిగించే చెక్క రింగు. కాపురానికొచ్చిన మూడో నెలలో ఆ డబ్బా కనబడకుండా పోయింది. ఇల్లంతా వెతికింది, అందరినీ అడిగింది, ఎవరూ తెలియదన్నారు. ఆ తరవాత ఈ ఇంట్లో కుట్టుపనంటే ఆడబిడ్డ జాకెట్లకు హుక్కులు, తోడికోడలి చీరలకు ఫాల్సు, వాళ్ళ పిల్లల నిక్కర్లకు అంచులు. "నువ్వు ఇంట్లో ఊరికే ఉండేదానివే గదా వదినా" అని ఇచ్చిపోతారు, వాళ్ళకు తీరికైనప్పుడు వచ్చి తీసుకపోతారు. ఊరికే ఉండేది అనిపించుకుంటూనే ఆమె ఇరవై నాలుగేళ్లలో ఒక్క రోజు కూడా ఊరికే ఉండలేదు.

సోమవారం తెర తీసి మంచం మీద విప్పింది. ఎలుక కొరికింది. మడతపెట్టిన గుడ్డకు మూలను కొరికినా విప్పినప్పుడు బొక్క నట్టనడుమ తేలుతుంది. ఎడమవైపు పిట్టకు తలా మెడా సగం రెక్కా, చుట్టూ ఉన్న తీగ ఆకులూ పోయి, ఆ పొడుగు కాళ్ళు మాత్రం మిగిలాయి. అబిగయీలు ఆ బొక్క అంచును వేలితో తడుముతూ చాలాసేపు కూర్చుండిపోయింది.  సాయంత్రం బెన్హర్ చూసి, ఇంటిపట్టునే ఉండి ఒక గుడ్డ కూడా చూసుకోలేకపోయినావా అన్నాడు. పాస్టరు క్రీస్తురాజు గారు అప్పటికే పండగ కార్డులో అచ్చేయించారు, దొరసాని చేతిపని తెర ప్రదర్శన అని. ఇప్పుడు లేదంటే సెక్రటరీ గారి పరువేం కావాలి? నెల్లూరులో మగ్గం పని చేసేవాళ్ళకు ఫోటో పంపితే, ఆ చోట పూసలు పెట్టి కప్పేస్తామన్నారు. పూసలన్న మాట వినగానే అబిగయీలు నోటి నుంచి అనుకోకుండా మాట బయటపడింది. తను కుడతానంది.

ఏం కావాలో కూడా ఒక్క ఊపిరిలో చెప్పేసింది. పాత గుడ్డ, రింగులో బిగించి తిప్పితే చిరిగిపోతుంది, కాబట్టి నిలువు చట్రం కావాలి. వెలుతురు కావాలి, అంటే ముందుగదిలో తూర్పు కిటికీ దగ్గర, సోఫా తీసేసి. పొద్దున పది నుంచి రెండు దాకా ఆమెను ఎవరూ పిలవకూడదు.  బెన్హర్ అడిగింది ఒకటే, మధ్యాహ్నం అన్నం సంగతేందని. పొద్దున్నే వండి మూత పెడతానని, పెట్టుకొని తినమని చెప్పింది. పెట్టుకొని తినడమనే మాట ఆ ఇంట్లో మగవాడితో అనడం అదే మొదటిసారి. అది దేవుడి పని కిందికి వచ్చింది గాబట్టి ఆయన కాదనలేకపోయాడు. ఈస్టరు మరుసటి ఆదివారం పండగ. చేతిలో ఆరు వారాలున్నాయి.

వడ్రంగి ఓబులేసు సరుగుడు వాసాలతో మనిషెత్తు చట్రం చేసి పెట్టాడు. సోఫా వరండాలోకి పోయింది. బొక్క వెనక కొత్త ముతక గుడ్డ అతికి, కలంకారీ అద్దకం వాళ్ళ దగ్గర రంగు వేయించిన దారాలు తెప్పించి, అల్లూరులో చదువు కళ్ళద్దాలు కొనుక్కొని, మరుసటి వారం బుధవారం పొద్దున అబిగయీలు కుర్చీలో కూర్చుంది. సూదిలో దారం ఎక్కించింది. ముందు నుంచి గుచ్చింది. లేచి వెనక్కి వెళ్ళి లాగింది. అక్కడి నుంచి గుచ్చింది. మళ్ళీ ముందుకొచ్చింది. గుడ్డ నడిమికి ఆమె చెయ్యి చుట్టూ తిరిగి అందదు, పైగా కుడి భుజం రెండేళ్లుగా పట్టేసి ఉంది. రెండు రోజులకు రెండు ఆకులు అయ్యాయి, పాదాలు వాచాయి.

అత్త దీవెనమ్మ ఇదంతా గోడవార మంచం మీద నుంచి చూస్తోంది. డెబ్భై నాలుగేళ్ల మనిషి. నోరు మంచిది కాదని ఊరంతటికీ తెలుసు. అన్నం మెత్తబడితే ఒక మాట, బిరుసైతే రెండు మాటలు. కోడలు కాసేపు గోడకు ఆనుకొని కూర్చున్నా, ఏం మే, కాళ్ళు పడిపోయినాయా అనేది. మూడో రోజు ఆమె ఓపిక పట్టలేకపోయింది.

"ఆ తిరుగుడేంది మే, గానుగెద్దు మాదిరి. చూసేదానికే నాకు కళ్ళు తిరగతా ఉండాయి" అంటూ లేచి, ప్లాస్టిక్ కుర్చీ ఒకటి ఈడ్చుకుంటూ తెర వెనక్కి వెళ్ళింది. "ఊఁ. తొయ్యి సూది."

"నీకు కనపడద్దా అత్తా?"

"శుక్లాలు తీపిచ్చుకున్నా. నీ కంటే నాకే బాగా కనపడతది. తొయ్యి."

అబిగయీలు గుచ్చింది. సూది అవతలికి జారింది, దారం బిగిసింది, ఒక్క క్షణం ఆగి సూది మొన ఇవతల తేలింది. కావలసిన చోటికి గింజంత ఎడంగా. రెండోసారి ఇంకొంచెం దగ్గరగా. పదోసారికి సరిగ్గా ఎక్కడ రావాలో అక్కడే వచ్చింది. ఎలా తెలుస్తోందని అడిగితే, గుడ్డ మీద నీ వేలు ఆనించుకోని ఉండావు గదా, ఆ వేలి పక్కనే గుచ్చతా ఉండా అంది. అబిగయీలుకు తన వేలు గుడ్డకు ఆనించి ఉంచిన సంగతే తెలియదు. ఆ రోజు మధ్యాహ్నానికి నాలుగు ఆకులు అయ్యాయి.

ఇక రోజూ అదే పని. పదింటికల్లా ఇద్దరూ చెరొకవైపు కూర్చునేవాళ్ళు. బయట రొయ్యల గుంటల్లో ఏరియేటర్లు నీళ్ళు చిలుకుతున్న చప్పుడు, కిటికీలోంచి ఉప్పుగాలి. నడుమ తెర ఉండడంతో ఒకరి మొహం ఒకరికి కనబడదు, సూది మాత్రం అటూ ఇటూ తిరుగుతుంది. మొహం కనబడకపోతే మాట ఎంత సులువుగా వస్తుందో అబిగయీలు అప్పుడే తెలుసుకుంది. ఎదురుగా ఉంటే ఆ కళ్ళూ ఆ మూతీ చూసి సగం మాటలు గొంతులోనే ఆగిపోయేవి. ఇప్పుడు అత్త గొంతు ఒక్కటే వినబడుతోంది, అది ముసలి గొంతు, అలసిన గొంతు. మొదట్లో చేపల రేటు, ఆడబిడ్డ కొడుకు చదువు మాట్లాడుకున్నారు. రెండో వారంలో దీవెనమ్మ ఉన్నట్టుండి ఈ ఇంటికొచ్చి యాభై ఐదేళ్ళయిందంది. ఈ గదిలో పగటిపూట కుర్చీలో కూర్చోవడం ఇదే మొదలంది.  అంటూనే సూది ఇవతలికి పంపింది.

అబిగయీలుకు ఆ వారాల్లో ఏమైందో సరిగ్గా చెప్పాలంటే, ఆకలి వేసింది. అన్నం ఆకలి కాదు. రాత్రి పడుకునేటప్పుడు రేపు కుట్టబోయే ఆకు ఎటు వంగాలో అనుకుంటూ పడుకునేది. పొద్దున అన్నం వారుస్తూ వేళ్ళు గాలిలో కదిపేది. సాంబారు దించేసి కిటికీలోంచి ఎండ ఎంత దాకా వచ్చిందో తొంగి చూసేది, ప్రియుడి కోసం చూసే పిల్లలాగా, నలభై ఆరేళ్ళు వచ్చాక. ఆమెకు సిగ్గు కూడా వేసింది. ఇన్నేళ్ళూ తనకేం కావాలో తనకే తెలియదనుకుంది. కృప ఫోను చేసి, అమ్మా నీకేమైనా తెచ్చేదా అంటే, ఏం వద్దులే అనేది. నిజంగానే ఏం వద్దు అనుకునేది. కావలసింది ఇదని ఇప్పుడు తెలిసింది. నాలుగు గంటల వెలుతురు, ఒక కుర్చీ, చేతిలో సూది, ఎవరూ పిలవకపోవడం. ఇంత చిన్నది అడగడానికి ఒక ఎలుకా, ఒక చర్చి పండగా కావాల్సి వచ్చినందుకు ఆమెకు తన మీద తనకే జాలేసింది, కోపం కూడా వచ్చింది.

కాబట్టి పండగ దగ్గర పడేకొద్దీ భయం పట్టుకుంది. పిట్ట మెడ పూర్తయింది, రెక్క మొదలైంది. బాగా కుదిరిన ప్రతి కుట్టూ ఆమెను మళ్ళీ వంటింటి వైపు ఒక అడుగు నెడుతున్నట్టే ఉంది. ఒక రోజు చక్కగా కుదిరిన ఆకును చూస్తూ చూస్తూ కత్తెరతో దారం తెంపి విప్పడం మొదలుపెట్టింది. అవతల దారం వదులైన సంగతి దీవెనమ్మకు తెలిసిపోయింది.

"బాగానే ఉండింది గదా మే ఆ ఆకు."

"నాకు నచ్చలేదు అత్తా."

 అవతల నుంచి ముసలి వేళ్ళు కూడా దారం లాగడం మొదలుపెట్టాయి. "సరే, విప్పు" అంది దీవెనమ్మ. "నాకు మాత్రం లేచి చేసేదానికి యాడ పనుంది?"

దారాల డబ్బా సంగతి బయటపడింది కూడా ఆ రోజే. అబిగయీలు అడగలేదు. దీవెనమ్మే, సూది అందుకుంటూ, గొంతు తగ్గించి, ఆ డబ్బా నేనే ఇచ్చేసినా మే అంది. ఏ డబ్బా అని అడగాల్సిన పని లేకపోయింది. అంగన్‌వాడీ పిల్లలు బొమ్మలకు కట్టుకుంటారని ఇచ్చేసిందట. చెక్క రింగు పొయ్యిలో పెట్టిందట.  ఇరవై నాలుగేళ్ళు. ఎన్నిసార్లు అటక ఎక్కి వెతికిందో, పోగొట్టుకున్నది తనే అనుకొని ఎన్నిసార్లు తిట్టుకుందో ఆమెకు గుర్తొచ్చింది. ఒళ్ళు మండిపోయింది. లేచి తెర అవతలికి పోయి ఆ ముసలిదాన్ని భుజాలు పట్టి ఊపెయ్యాలనిపించింది.

"ఎందుకత్తా?" అంది. 

"వాకిట్లో కూర్చోని కుట్టుకుంటా ఉండేదానివి. నీ మొగంలో ఒక వెలుగు ఉండేది. అప్పటికి నేను ఈ ఇంట్లో ముప్పై ఏళ్ళు చాకిరీ చేసినా, ఒక్క పూట కూర్చోలేదు. నిన్నగాక మొన్న వచ్చినదానివి, నువ్వు కూర్చుంటే చూళ్ళేకపోయినా మే. అంతే. వేరే ఏం లేదు."

 క్షమించానని అబిగయీలు అనలేదు, అనాలనిపించలేదు. సంఘంలో అయితే క్షమించానని చెప్పి చేతులు కలుపుతారు, ఇక్కడ కలపడానికి చేతులు కనబడటం లేదు. గుడ్డ మీద వేలు ఆనించి, అవతలి నుంచి సూది వచ్చేదాకా చూసింది. అది వచ్చింది. కొంచెం ఆలస్యంగా వచ్చింది గానీ సరైన చోటే వచ్చింది. ఆ రోజు రెండు దాటి మూడయినా ఇద్దరూ లేవలేదు. బెన్హర్ వచ్చి అన్నం పెట్టుకొని, పులుసు చల్లగా ఉందని గిన్నెతో చెప్పుకుంటూ తిని వెళ్ళాడు.

ఈస్టరు వారంలో పాస్టరు గారు పని చూడడానికి వచ్చారు. బాగుందమ్మా, బాగుంది అని, పిట్ట కాళ్ళ దగ్గర ఆగారు. దొరసాని గీసిన బొమ్మ కాగితం ఆయన దగ్గరుందట, అందులో కాళ్ళు పొట్టిగా ఉన్నాయట. ఎలాగూ కుడుతున్నారు గదా, ఆ కాళ్ళు కూడా సరిచెయ్యమన్నారు. బెన్హర్ వెంటనే, చేసేస్తది సార్, దానికెంత సేపు అన్నాడు. అబిగయీలు తల ఊపలేదు. ఆ పిట్టలు ఈ ఊరి నీళ్ళలో నిలబడాల్సినవి పాస్టరు గారూ, దొరసానే ఉండనీమంది అని మెల్లగా చెప్పింది. పాస్టరు గారు నవ్వి ఊరుకున్నారు, బెన్హర్ మొహం మాత్రం మాడింది. పండగ పుస్తకం నమూనా కూడా ఆయన చూపించారు. ఈడిత్ దొరసాని చేతిపని, సెక్రటరీ బెన్హర్ గారి కుటుంబ కానుక అని ఫోటో కింద అచ్చేశారు. సువార్తమ్మ పేరు లేదు, తన పేరూ లేదు. వాళ్ళు వెళ్ళాక దీవెనమ్మ తెర వెనక నుంచి మండిపడింది. దొరసాని కుట్టిందా, మరి మీ ముత్తవ్వ ఏం చేసినట్టు, నువ్వేం చేసినట్టు, అడగవేం మే అంది. అబిగయీలు ఆలోచించింది. అడిగితే ఒక పంక్తి కలుపుతారేమో. పుస్తకం బీరువాలోకి పోతుంది, తెర అద్దాల పెట్టెలోకి పోతుంది, సోఫా ఈ కిటికీ దగ్గరికి వస్తుంది. ఆమెకు అన్నింటికంటే ఆ సోఫాను తలుచుకుంటేనే భయమేసింది.

ఇక విప్పడానికి కూడా వీల్లేకుండా పోయింది. పిట్టకు కన్ను పెట్టడం ఒక్కటే మిగిలింది. శుక్రవారం పన్నెండు దాటాక ముడికుట్టు ఒకటి వేసి, దారం వెనక్కి పంపి, కట్టెయ్యి అత్తా అంది. అవతల దారం ముడి పడిన చిన్న టిక్కు వినబడింది. దీవెనమ్మ కర్ర ఊతంతో ఇవతలికి వచ్చి, తను దగ్గర దగ్గర ఐదు వారాలు కుట్టిన పని ముందువైపు ఎలా ఉందో మొదటిసారి తీరిగ్గా చూసింది. పాత పిట్ట రంగు వెలిసి ఉంది, కొత్త పిట్ట కొంచెం కొట్టొచ్చినట్టుంది. రెండూ ఒకదాన్నొకటి చూసుకుంటున్నాయి. బాగుంది గదా మే అంది. ఆ గొంతులో పొగడ్త ఇరవై నాలుగేళ్లలో అబిగయీలు వినలేదు. వినగానే కళ్ళు నిండాయి. అయిపోయింది అత్తా అని, ఆ మాట తనే వినలేక తల తిప్పుకుంది.

శనివారం పొద్దున బెన్హర్, పాస్టరు గారు, వెనకే ఆటో వేసుకొని ఓబులేసు వచ్చారు. ఆదివారం భోజనానికి పెద్దలు ఇంటికొస్తున్నారని, పది గంటలకల్లా గది ఖాళీ చేసి సోఫా వెయ్యాలని, సరుగుడు వాసాలు చర్చి ముందు పందిరికి పనికొస్తాయని బెన్హర్ దారిలోనే అందరికీ చెప్పేసి ఉన్నాడు. అబిగయీలు కత్తెర తీసుకొని చట్రానికి కట్టిన తాళ్ళు తనే ఒక్కొక్కటి తెంపింది. తెరను మడతపెట్టకుండా మెత్తటి దుప్పట్లో చుట్టింది. తలుపే లేని ఇంటి నుంచి బయలుదేరి, నాలుగు తరాల ఆడవాళ్ళు దాచిన గుడ్డ. ఇచ్చేటప్పుడు ప్రాణం పోతుందనుకుంది. పాస్టరు గారి చేతుల్లో పెట్టాక చూస్తే, తన చేతులు ఖాళీగా ఉన్నాయి గానీ ప్రాణం ఇక్కడే ఉంది, కిటికీ దగ్గర, వాసాల మధ్య ఖాళీలో. పాస్టరు గారు కళ్ళు మూసుకొని స్తోత్రం చెప్పారు. ఆమేన్ అనగానే ఓబులేసు వెళ్ళి చట్రం మీద చెయ్యి వేశాడు.

"ఓబులేసన్నా, దాన్ని కదిలించబాక" అంది అబిగయీలు.

బెన్హర్ తిరిగి చూశాడు. "ఏంది? పని అయిపోయింది గదా."

"తెర పని అయిపోయింది. చట్రం ఇక్కడే ఉంటది. రోజూ పది నుంచి రెండు దాకా నేను కూడా ఇక్కడే ఉంటా."

"మరి సోఫా?"

"వరండాలో బాగానే ఉంది గదా, గాలికి."

ఆమె గొంతు పెంచలేదు.  పాస్టరు గారి ముందు కాబట్టి బెన్హర్ నవ్వబోయాడు, నవ్వు సగంలో ఆగింది. బొక్క లేదు, తెర లేదు, పండగ లేదు, ఇంకా ఏం కుడతావని, ఎవరి కోసమని అడిగాడు.  నా కోసం అన్న మాట అబిగయీలు నాలుక చివరి దాకా వచ్చింది. ఇంతలో లోపల గదిలో పెట్టె మూత తీసిన చప్పుడైంది. దీవెనమ్మ కర్ర పట్టుకొని మెల్లగా వచ్చింది. చంకలో ఒక తెల్లటి గుడ్డ ఉంది, మడత విప్పని కొత్త గుడ్డ, కర్పూరం వాసన కొడుతోంది. దాన్ని తెచ్చి కోడలి చేతుల్లో పెట్టి, ఖాళీ చట్రం అవతల ఉన్న తన కుర్చీలో వెళ్ళి కూర్చుంది.

"ఇది బిగించు మే" అంది. తరవాత కొడుకు వైపు చూసింది. "నేను పోయినాక నన్ను శవప్పెట్టెలో పెట్టి పైన కప్పేదానికి దాచుకున్న గుడ్డ రా. ఉత్త తెల్లగా ఎందుకు పోవాల? నిండా కుట్టించుకోని పోతా." మళ్ళీ కోడలి వైపు తిరిగి, సూది కోసం చెయ్యి చాచింది. "నిదానంగానే కుట్టుదాం మే. నాకేం తొందర లేదు."